మశూచి మచ్చయు శరీరస్మృతియు

ఒకమారు అమ్మవారు పోసి బ్రతికినవానికి ఆ వ్యాధి తిరిగి రాదను సంగతిని మనవారు సూక్ష్మదర్శిని పేరైన వినకముందే యెరుగుదురు. ఏల రాదో వారెరుగరు. రాదని మాత్రము దృఢముగా నెరుగుదురు. శరీరము తాను పడిన బాధను జ్ఞాపకముంచుకొనుననియు, ఆ జ్ఞాపకమే దానికి కవచమగుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. అయితే ఈ జ్ఞాపకము ఊరక లభించునది కాదు. దానికి వెల గలదు. ఆ వెలను వ్యాధిచేత చెల్లింతుమా, టీకాచేత చెల్లింతుమా యనునదే మశూచి చరిత్ర మన గృహస్థులముందు ఉంచుచున్న ప్రశ్న.

చోడవరమునకు సమీపముననున్న బుచ్చయ్యపేట 2022వ సంవత్సరమువరకు విశాఖపట్టణము జిల్లాలోనిదై, పిదప అనకాపల్లి జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు పల్లెలలో డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుల చేతులను పరికించినచో పెక్కుమందికి గుండ్రని, పల్లమైన పాతమచ్చ యొకటి రెండు కానవచ్చును. అది మశూచి టీకా గుర్తు. నలువదియేండ్ల యీడునగల మావంటివారి భుజముమీది మచ్చ వేరు. అది క్షయరోగమునకు వేసిన టీకా గుర్తు. మేము పుట్టునప్పటికి మన దేశమున మశూచియే లేదు. ఇక మా బడిపిల్లలకు మశూచి యనగా పాఠ్యపుస్తకములోని యొక మాట మాత్రమే. మూడు తరముల చేతులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక మహావ్యాధి పోయిన చరిత్ర యంతయు అందు వ్రాసియున్నది. చదువువారే కరవు.

పూర్వుల యెరుక

మన ప్రాచీనవైద్యులకు ఈ వ్యాధి కొత్త కాదు. మసూరపప్పును బోలిన పొక్కులు లేచునది గనుక దానికి మసూరిక యని పేరిడిరి. చరకసుశ్రుతులు దీనిని క్లుప్తముగా స్పృశించి విడిచిరి. మాధవకరుడు తన రోగనిదానగ్రంథమున దీనికొక ప్రత్యేకాధ్యాయమునే కేటాయించెను. వ్యాధి ముదిరి జనులను పీడించుట అధికమైనకొలది గ్రంథములలో దాని చోటును పెరిగినదని దీనివలన ఊహింపవచ్చును. చరకసంహితలో వ్యాధిక్షమత్వమను చక్కని పదమొకటి కలదు. ఎల్ల శరీరములును వ్యాధిని సమముగా నెదిరింపజాలవని అందలి భావము. నేడు మనము రోగనిరోధకశక్తి యనుచున్నదానికి ఇంతకంటె పొందికైన మాట దొరకదు.

గ్రంథము చదువనివారికి దేవత గలదు. కోస్తా జిల్లాలలో పోలేరమ్మ మశూచికి అధిదేవత. పొక్కులు ముత్యములవలె నుండునుగాన ముత్యాలమ్మయు నామెకు తోడు. వ్యాధి వచ్చిన యింట గుమ్మమునకు వేపమండలు కట్టుట, అన్యులను లోనికి రానీయకుండుట, రోగికి చలువచేయు నాహారమిచ్చుట మున్నగు ఆచారములు వెలసినవి. వీనిని పరిహసించుట సంస్కర్తల పని కాదు. ఇంటికి రాకపోకలు మానిపించిన ఆచారము పేరేదైనను పొరుగింటి బిడ్డను కాపాడినదే. రోగికి ఉపచారము చేయుటకు, పూర్వము అమ్మవారు పోసి మొగమున మచ్చలుగలవారు భయములేక ముందుకు వచ్చెడివారు. మచ్చలుగలవారు కొంకవలదను నీ వివేకము అనుభవమువలన పుట్టినది.

ఇట్టి వివేకము మనకు మాత్రమే కలిగినది గాదు. క్రీస్తుపూర్వము 430లో ఏథెన్సు నగరమున ఘోరమైన అంటువ్యాధి చెలరేగినపుడు, దానినుండి కోలుకొన్నవారే రోగులకు ధైర్యముతో ఉపచరించిరనియు, ఆ వ్యాధి ఒక మనుష్యుని రెండవసారి ప్రాణాంతకముగా నంటదనియు థుసిడిడీసను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. తాను స్వయముగా ఆ వ్యాధికి లోనై బ్రతికినవాడు గనుక అతని మాటకు విలువ యెక్కువ.

పొక్కునుండి పొక్కునకు

ఒకమారు వచ్చిన రాదని తెలిసిన మనుష్యుడు, తక్కువ బాధతో ఆ యొకమారును తానే తెచ్చుకొనుట మేలుగదా యని తలంచుట సహజము. వంగదేశము మున్నగు ప్రాంతములలో మశూచి కాలము రాకపూర్వమే బ్రాహ్మణులు కొందరు ఊరూర తిరిగి, రోగి పొక్కులోని రసమును ఆరోగ్యవంతుల చర్మమును గీరి అంటించెడివారు. వంగదేశమున కంపెనీ కొలువు చేసిన హాల్వెల్ అను ఆంగ్లేయవైద్యుడు ఈ పద్ధతిని సమగ్రముగా వర్ణించి 1767లో లండనున ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. రసమంటించుకొన్నవానికి జ్వరమును కొన్ని పొక్కులును వచ్చి తగ్గెడివి; పిదప జన్మలో మశూచి సోకెడిది కాదు. సహజముగా సోకినపుడు నూటికి ముప్పదిమందివరకు మరణించెడి వ్యాధి, ఇట్లు తెచ్చుకొన్నపుడు నూటికి ఒకరిద్దరిని మాత్రము బలిగొనెడిది. ఇది గొప్ప లాభమే. అయినను రెండు లోపములుండెను. ఆ యొకరిద్దరు ఏయింటివారగుదురో ముందు తెలియదు. రసమంటించుకొన్నవానినుండి ప్రక్కవానికి అసలు మశూచియే అంటవచ్చును.

ఈ లోపములను తొలగించినవాడు ఎడ్వర్డు జెన్నరు. పాలు పిదుకువారి చేతులకు ఆవుపొదుగునుండి ఒకవిధమగు పొక్కులు సోకుచుండెను. అట్టివారికి మశూచి రాదని ఆ పల్లెలవారు చెప్పుకొనుచుండిరి. ఆ మాటను జెన్నరు తోసివేయలేదు, గ్రుడ్డిగా నమ్మనులేదు, పరీక్షించెను. 1796 మే 14వ తేదీన సారా నెల్మ్సు అను పాలపిల్ల చేతిపొక్కులోని రసమును జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలునికి అంటించెను. కొన్ని వారములైన పిదప వానికి అసలు మశూచి రసమునే అంటించినను వ్యాధి రాలేదు. ఇట్టి పరీక్షను బాలునిపై చేయుటను నేటి ధర్మము సమ్మతింపదు. కాని దాని ఫలమును లోకమంతయు అనుభవించినది. లాటిను భాషలో వక్కా యనగా ఆవు. వాక్సీన్ అను పేరు దానినుండి వచ్చినది. మన టీకా యను మాట హిందూస్థానీనుండి వచ్చినది; తిలకమువలె గుర్తు పెట్టుట దాని భావము. సంస్కృతము చదివినవారు దీనిని వ్యాఖ్యానార్థకమగు టీకాశబ్దముతో కలుపరాదు.

ఆ రసము హిందూదేశమునకు వచ్చిన తీరు ఆశ్చర్యకరము. మంచుపెట్టెలు లేని కాలమది. వియన్నానుండి కాన్‌స్టాంటినోపిలు, బాగ్దాదు, బస్రాల మీదుగా వచ్చి, 1802 జూను 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలికయగు అన్నా డస్టాల్ చేతిమీద అది మొదట ఫలించెను. ఆ యేడు ముగియకముందే హైదరాబాదు, మద్రాసు, కలకత్తా నగరములకు చేరెను. ఒకని చేతి పొక్కునుండి మరియొకని చేతికి అంటించుచు పోవుటయే మార్గము. ఆ సంవత్సరమే మద్రాసునుండి కలకత్తాకు పోవు ఓడలో రసము నశింపకుండుటకై ఒక బాలునినుండి మరియొక బాలునికి నడిసముద్రమున టీకా వేసిరి. బిడ్డల చేతులే దానిని మోసిన పాత్రలు. ఈ దేశపు లక్షలాది ప్రాణములను రక్షించిన మందు పేరు ప్రతిష్ఠలులేని పిల్లల చేతులమీద నడచి వచ్చినదని మన తల్లులు తెలిసికొనవలెను.

జనులు దీనిని వెంటనే స్వీకరింపలేదు. అమ్మవారికి కోపము వచ్చునను భయమొకటి. ఏ కులమువాని చేతినుండి వచ్చిన రసమో యను జుగుప్స మరియొకటి. పరాయి ప్రభుత్వము బిడ్డలకు ముద్రవేయుచున్నదను అనుమానము ఇంకొకటి. ఈ శంకలు తీర్చుటకు కొందరు విపరీతోపాయము పన్నిరి. ఆవుపొదుగు పొక్కురసమును మనుష్యులకు అంటింపవలెనని ధన్వంతరియే చెప్పినట్లు 1819లో మద్రాసు పత్రికయందు ఒక లేఖ వెలువడెను. అట్టి వాక్యములు ఏ ప్రాచీనగ్రంథమునను లేవనియు, జనులను నమ్మించుటకు ఆ కాలమున కల్పించినవనియు తరువాతి పండితులు తేల్చిరి. కాంబెల్ దొర 1816లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ప్రసిద్ధమైన పీఠికాభాగమును వ్రాసిన ఎల్లిస్ దొర ఇట్టి రచనకు పూనుకొన్నవారిలో నొకడని చెప్పుదురు. ఉద్దేశము మంచిదే కావచ్చును. అయినను కల్లశ్లోకముతో నాటిన నమ్మకము వేరూనదు. విచిత్రమేమనగా, సర్వమును మన శాస్త్రములలోనే యున్నదని వాదించువారు నేటికిని ఆ దొరతనపు కల్పననే ప్రమాణముగా చూపుచున్నారు! మన పూర్వులకు చెందవలసిన కీర్తి రసమంటించు పద్ధతియందును, ఒకమారు వచ్చిన రాదను పరిశీలనయందును సత్యముగానే యున్నది. దానికి అబద్ధపు సాయము అక్కరలేదు.

పిదప కథను సంగ్రహముగా చెప్పుదుము. 1880లో టీకాలచట్టము వచ్చెను. చేతినుండి చేతికి అంటించుట మాని దూడల చర్మముమీద రసమును పెంచు పద్ధతి క్రమముగా ప్రబలెను. మద్రాసు సమీపమున గిండీలో 1899లో నెలకొల్పిన కింగు సంస్థ ఈ రాజధానికి టీకామందును సమకూర్చెను. స్వాతంత్ర్యానంతరము 1962లో మశూచి నిర్మూలనకు జాతీయప్రయత్నము ప్రారంభమయ్యెను. ఎండకు చెడని పొడిమందు, రెండుమొనల సూది వచ్చిన పిదప పని తేలికయయ్యెను. అందరికిని టీకా వేయవలెనను ప్రయత్నముతోబాటు, రోగి యున్న యిల్లు వెదకి పట్టుకొని, వాని చుట్టునున్నవారికందరికి టీకాలు వేయు ఉపాయము ఫలించెను. 1974లో సయితము ఈ దేశమున పదిహేనువేలకు మించి జనులు మశూచిచే మరణించిరి. 1975 మే మాసము తరువాత ఒక్కరికిని రాలేదు. 1980 మే 8వ తేదీన ప్రపంచారోగ్యసంస్థ భూమిపై మశూచి లేదని చాటెను.

దేహమున జరుగునది

ఇంతవరకు మశూచి రాకుండుటను చెప్పితిమి. ఏల రాదో ఇక విచారింతము. 1890లో బేరింగు, కిటసాటో అను జర్మను జపాను పండితులు, ధనుర్వాతపు విషమునకు అలవాటుపడిన జంతువు రక్తరసమును వేరొక జంతువునకు ఎక్కించినచో దానికిని రక్షణ కలుగునని చూపిరి. రక్తరసములో ఏదో రక్షకద్రవ్యము కలదని దీనివలన తేలెను. దానినే ప్రతిరక్షకమందురు. అంతకుముందే రష్యాదేశీయుడగు మెచ్నికాఫు, శరీరమున శత్రువును మ్రింగివేయు కణములు కలవని కనిపెట్టియుండెను. రక్షించునది రసమా కణమా యని పండితులు చిరకాలము కలహించిరి. 1908లో మెచ్నికాఫునకును, రసపక్షము వహించిన ఎర్లిఖ్‌కును కలిపి నోబెలు బహుమానమిచ్చిరి. తుదకు ఇరువురును సత్యమునే చెప్పిరని తెలిసినది.

వైరసు అనునది తానై బ్రదుకజాలదు. మన శరీరకణములో జొరబడి, ఆ కణముచేతనే తన సంతతిని చేయించుకొనును. అది ప్రవేశించిన తోడనే కణములు ఇంటర్‌ఫెరాన్ అను ద్రవ్యమును వెడలించి ఇరుగుపొరుగు కణములను హెచ్చరించును; 1957లో దీనిని కనుగొనిరి. జ్వరము, ఒడలినొప్పులు చాలవరకు ఈ యుద్ధపు సన్నాహమే. ఈ మొదటి రక్షణకు శత్రువెవ్వడను విచక్షణ అంతగా లేదు. ఎవ్వడు వచ్చినను కఱ్ఱ యెత్తు కావలివానివంటిది.

రెండవ రక్షణ నిదానమైనది, నేర్పరియైనది. మన ఎముకల మూలుగలో పుట్టి లింఫు గ్రంథులలో కాచుకొనియుండు తెల్లకణములు కోట్లకొలది కలవు. ప్రతి కణమునకును ఒక్కొక్క ఆకారమును మాత్రమే గుర్తుపట్టు శక్తి యుండును. వచ్చిన వైరసుయొక్క ఆకృతి ఏ కణమునకు సరిపడునో, ఆ కణము మాత్రమే మేలుకొని ఒకటి రెండై, రెండు నాలుగై వేలకొలదిగా పెరుగును. ఈ సిద్ధాంతమును 1957లో ఆస్ట్రేలియాదేశపు బర్నెట్ పండితుడు ప్రతిపాదించెను. పెరిగిన కణములలో కొన్ని ప్రతిరక్షకములను చేసి రక్తమున విడుచును; అవి వైరసునకంటుకొని అది కణములలో దూరకుండ చేయును. మరికొన్ని, వైరసు ఇదివరకే దూరిన కణములను వెదకి చంపును. ఈ పెరుగుదలకు మొదటిసారి ఒకటి రెండు వారములు పట్టును. మశూచి రోగి బ్రతుకునా చచ్చునా యనునది ఆ వారములలోనే తేలెడిది.

యుద్ధము ముగియగానే పెరిగిన సైన్యములో అధికభాగము నశించును. అంతయు నశింపదు. రైతు వడ్లు నూర్చిన పిదప గింజనంతయు అమ్మక విత్తనపువడ్లను గాదెలో దాచునట్లు, శరీరము ఆ యెన్నికైన కణములలో కొన్నింటిని దాచియుంచును. వీనిని స్మృతికణములందురు. మరికొన్ని ఎముకల మూలుగలో స్థిరపడి ఏండ్లతరబడి కొద్దికొద్దిగా ప్రతిరక్షకములను చేయుచునే యుండును. అదే శత్రువు మరల వచ్చినచో మొదటిసారివలె వెదకికొనుట అక్కరలేదు, విత్తనము చేతనున్నది, కొలది దినములలోనే పంట సిద్ధము. వ్యాధి తల యెత్తకముందే అణగిపోవును. ఒకమారు వచ్చిన రాదను మన యవ్వలమాటకు శాస్త్రమిచ్చు వ్యాఖ్యానమిది.

ఈ గాదె ఎంతకాలము నిలుచును? 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఫేరో ద్వీపములకు పొంగు వ్యాధి వచ్చెను. ఏడువేలకు పైబడిన జనులలో సుమారు ఆరువేలమందికి సోకెను. అంతకుముందు 1781లో తప్ప ఆ వ్యాధి అచటికి వచ్చియుండలేదు. 1781లో దానిని పడిన ముసలివారు అప్పటికిని బ్రతికియుండిరి. వారిలో ఒక్కరికిని రెండవసారి రాలేదని పానమ్ అను యువవైద్యుడు వ్రాసెను. అరువదియైదేండ్ల తరువాతను శరీరము మరువలేదన్నమాట. 1918 నాటి మహాఇన్‌ఫ్లుయెంజా కాలమున పుట్టియున్న వృద్ధుల రక్తమున తొంబదియేండ్ల తరువాతను ఆ వైరసును పట్టు కణములుండినట్లు 2008లో చూపిరి. మశూచి టీకా వేసికొని ఏబది డెబ్బదియేండ్లయినవారిలోను ఆ రక్షణచిహ్నములు నిలిచియున్నవని 2003లో ప్రకటింపబడెను. కావున బుచ్చయ్యపేట వృద్ధుని చేతిమచ్చ పైకి కనబడు గుర్తు మాత్రమే; భూమిపై లేని శత్రువును గూర్చిన జ్ఞాపకము అతని మూలుగలో నేటికిని మేలుకొనియుండవచ్చును.

అన్ని స్మృతులును ఒక్కటి కావు

ఇచట నొక ప్రమాదమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. వ్యాధి వచ్చి పోయినచో రక్షణ కలుగుననుట సత్యమే గనుక, పిల్లలకు వ్యాధి రానిండు, గట్టిపడుదురు, టీకాలెందులకని చదువుకొన్నవారు సయితము పలుకుట వినుచున్నాము. ఇది సగము సత్యము. సగము సత్యము పూర్తి యసత్యముకంటె నెక్కువ చెరుపు చేయును.

మొదటిది, పొంగు సంగతి. ఫేరో ద్వీపవాసులకు జీవితాంతరక్షణ నిచ్చిన ఆ వ్యాధియే, తన్ను గూర్చిన స్మృతిని నిలిపి, ఇతరవ్యాధులను గూర్చిన స్మృతిని చెరుపును. టీకాలు వేసికొనని పిల్లలకు పొంగు సోకినపుడు, వారి శరీరమున పూర్వముండిన నానావిధ ప్రతిరక్షకములలో నూటికి పదునొకండు మొదలు డెబ్బదిమూడువరకు నశించినట్లు 2019లో ప్రకటితమయ్యెను. అనగా ఆ బిడ్డ గాదెలోని విత్తనములను దొంగ యెత్తుకొనిపోయినాడు. టీకాకు ఈ దోషము లేదు. పొంగు, రుబెల్లాలకు కలిపి వేయు టీకాను తొమ్మిదవనెల నిండినపిమ్మట ఒకసారియు, పదునారవనెల మొదలు ఇరువదినాల్గవనెలలోపల రెండవసారియు వేయుట మన దేశమున ఆచారము.

రెండవది, డెంగీ. దీనికి నాలుగు తెగలు కలవు. ఒక తెగచే సోకినవానికి ఆ తెగనుండి చిరకాలరక్షణ కలుగును. కాని వేరొక తెగ తరువాత సోకినచో, పాత ప్రతిరక్షకములు శత్రువును చంపజాలక, పైపెచ్చు దానికి కణద్వారములు తెరచి సాయపడుటయు కలదు. అందుచే రెండవమారు వచ్చిన డెంగీ మొదటిదానికంటె ప్రమాదము కావచ్చును. మశూచి న్యాయమును డెంగీకి వర్తింపజేసి, ఒకసారి వచ్చిపోయినది గదా యని నీటితొట్లపై మూతలు పెట్టక విడుచు గృహస్థుడు మోసపోవును.

మూడవది, ఇన్‌ఫ్లుయెంజాయు, 2020లో వచ్చిన కరోనాయు. ఈ వైరసులు వేషము మార్చుచుండును. శరీరము మరచుట కాదు. శత్రువే గుర్తుపట్టరాకుండ నగుచున్నాడు. అయినను పూర్వస్మృతి వ్యర్థము కాదు. రోగము సోకినను ప్రాణముమీదికి రాకుండ పెక్కుమారులు కాపాడును. 2021 జనవరిలో మన దేశమున టీకాలు ప్రారంభమైనపుడు వాడిన రెండింటిలో నొకటి హైదరాబాదున భారత్ బయోటెక్ సంస్థలో తయారైన కోవాగ్జిన్. 1802లో పసిపిల్లల చేతులమీద పరదేశమునుండి మందు తెచ్చుకొన్న దేశము, రెండువందల యేండ్లు దాటిన పిదప తన మందును తానే చేసికొనగలిగెను.

వ్యాధివలన వచ్చు స్మృతికిని టీకావలన వచ్చు స్మృతికిని భేదమేమన్నచో, మొదటిదానికి వెల యెంతో ముందు చెప్పరు. మశూచి ఒకనికి మచ్చలతో సరిపెట్టెను, ఒకనికి కన్నులు తీసెను, ముగ్గురు నల్గురిలో ఒకని ప్రాణమునే కొనిపోయెను. బ్రతికినవారే కథలు చెప్పుదురు గనుక వ్యాధి మేలు చేసినట్లు మనకు తోచును. పోయినవారికి చెప్పుటకు నోరు లేదు. టీకా వెల స్వల్పము: సూదిపోటు, ఒకనాటి జ్వరము, మిక్కిలి యరుదుగా అంతకంటె నధికము. ఆ యరుదైన దానిని దాచక చెప్పుటయు, అడిగినవారికి ఓర్పుతో సమాధానమిచ్చుటయు వైద్యుల ధర్మము. కల్లశ్లోకముల కాలము పోయినది.

చదువరులగు తల్లిదండ్రులకు మా విన్నపమిది. ఇంటిలో ఇంకను బ్రతికియున్న తాతయో అవ్వయో ఉన్నచో, వారి చేతిమచ్చను పిల్లలకు చూపి, అది యెట్లు వచ్చినదో, ఆ కాలమున వారి యీడు బిడ్డలెందరు పోయిరో వారిచేతనే చెప్పింపుడు. పోలేరమ్మకు వేపమండ కట్టినను కట్టుడు. అది మీ భక్తి. అంగన్‌వాడీలోని టీకాల చీటీని మాత్రము తేదీ తప్పక చూచుకొనుడు. శరీరమునకు జ్ఞాపకశక్తి కలదు, సంఘమునకు లేదు. మశూచి పోయి ఏబదియేండ్లు కాకముందే దాని భయమును మరచి, ఇతరవ్యాధుల టీకాలను గూర్చి సందేహింప మొదలుపెట్టితిమి. దేహము తనంతట చేయు పనిని సంఘము చదువుచేతనే చేయవలెను.